తీసివేసిన టోపీ

శోకం తలపైననే ముందుగా కనిపిస్తుంది. విక్టోరియా రాణి కాలపు ఆంగ్లేయులు టోపీ చుట్టూ నల్లని పట్టీ కట్టుకొని సంతాపం తెలిపేవారు. గుజరాత్ ఆచారం ఇందుకు విరుద్ధం: అక్కడ ఆచ్ఛాదన లేని శిరస్సే శోకచిహ్నం.

గాంధీజీ తన తెల్ల ఖద్దరు టోపీకి కాశ్మీరీ టోపీని నమూనాగా గ్రహించారని కాకా కాలేల్కర్ రాశారు. తలపాగాకు గజాలకొద్దీ వస్త్రం కావాలి. టోపీకి చిన్న ముక్క చాలు. నలుపు మురికిని దాస్తుంది. తెలుపు బయటపెడుతుంది, కనుక ఉతకక తప్పదు.

ఇంత యోచించి రూపొందించిన టోపీని 1921 సెప్టెంబరు 22న మధురైలో ఆయన పరిత్యజించారు. ఖద్దరు కొనలేని పేదల దుస్థితి ఒక కారణం. సంతాపం మరొకటి. ఏడాదిలో సాధించాలనుకున్న స్వరాజ్యం, గడువు సమీపిస్తున్నా, రాలేదు. తన ప్రాంతంలో దుఃఖించేవారు తల కప్పుకోరని ఆయనే ఆనాడు ప్రకటించారు.

1930 ఏప్రిల్ 1న దండి యాత్ర సూరత్ చేరింది. వెంట నడిచినవారి తలలపై తెల్లటోపీలు. ముందు నడిచిన ఆయన శిరస్సు మాత్రం బోసిగా ఉంది.

1947లో స్వరాజ్యం వచ్చింది. ఆ టోపీ మాత్రం తిరిగి ఆ శిరస్సును చేరలేదు.