వజన్ తగ్గింది, తాఖత్ ఏమైంది?

మా అమ్మీ ఎనిమిది నెలల్ల 78 కిలోల నుంచి 69కి వచ్చింది. ఖాందాన్ అంతా ముబారక్‌లు చెప్పింది. కాగజ్‌నగర్‌ల ఏ షాదీకి పోయినా, ఏ అఖీఖాకు పోయినా ఆడోళ్ళు ఆమె చుట్టూ చేరి "క్యా ఖారైఁ ఆపా, హమ్‌కు బీ బోలో" అని అడుగుడే. ఆమె జవాబు ఒక్కటే. ఫజర్ తర్వాత ఒక గంట నడక, అస్ర్ తర్వాత ఇంకో గంట, రాత్రికి రెండు పుల్కాలు. అంతే.

షుగర్ దిగింది. బీపీ గోలీని డాక్టర్ సగం చేసిండు. అల్‌హందులిల్లాహ్, దాంట్ల మాట లేదు. కాని అవే ఎనిమిది నెలల్ల ఇంకోటి కూడ జరిగింది, దాన్ని ఎవరూ లెక్క పెట్టలే. సజ్దా నుంచి లేచేటప్పుడు అమ్మీ రెండు చేతులూ జానమాజ్ మీద గట్టిగ ఆనించి, ఒక మోకాలు లేపి, కొద్దిసేపు ఆగి, అప్పుడు లేస్తున్నది. 2024 రమ్‌జాన్‌కు ముందు, షాబాన్‌ల ఒకరోజు "ఇగ నాకు కుర్సీ వెయ్ బేటా, తరావీహ్ కూసొనే చదువుకుంట" అన్నది. ఆమెకు 58 ఏండ్లు.

మజ్‌బూరీ ఉన్నోళ్ళకు దీన్ ఆసానీ ఇచ్చింది, కుర్సీ మీద నాకేం షికాయత్ లేదు. కాని తొమ్మిది కిలోల బోఝ్ దిగిన మనిషికి లేవడం ఆసాన్ కావాలె గదా, ముష్కిల్ ఎందుకయింది? ఉమ్ర్ అన్నరు ఇంట్ల. ఉమ్ర్ ఎనిమిది నెలల్లనే పెరగదు.

ఖసాయి దుకాణానికి పోయినోళ్ళకు ఈ సంగతి తొందరగ సమజైతది. అరకిలో గోష్, అరకిలో చర్బీ పక్కపక్కన పెట్టున్రి. కాంటకు రెండూ ఒకటే. కంటికి చర్బీ కుప్పనే పెద్దగ కనిపిస్తది. మన బదన్‌ల కూడ అంతే. కాంట ఎక్కితే తొమ్మిది కిలోలు పోయినయని చెప్తది గని, అందుల చర్బీ ఎంత, గోష్ ఎంత అనేది చెప్పదు. తిండి తగ్గించి బరువు దించినప్పుడు, కండకు పని చెప్పకపోతే, పోయినదాంట్ల సుమారు పావు వంతు దాక చర్బీ కానిదే ఉండొచ్చు. అమ్మీ లెక్కల అది రెండు కిలోల పైమాటే. తొడల్ల, నడుముల, వీపుల ఉన్న కండ అది. సజ్దా నుంచి లేపేది అదే.

మన హిందుస్తానీ బదన్‌కు ఈ నుక్సాన్ ఇంకా భారీ. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి 2004ల లాన్సెట్ పత్రికల ఒక ఫోటో వేసిన్రు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరిదీ 22.3. చూడనీకి ఇద్దరూ సన్నగనే ఉన్నరు. కాని ఒంట్ల చర్బీ యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనం ముందే కండ తక్కువ, చర్బీ ఎక్కువ ఉన్న కౌమ్. హిందువులైనా ముసల్మానులైనా, ఈ ఒక్క విషయంల అందరం భాయీ భాయీ. ఉన్న కొద్ది కండను కూడ నడకల, ఫాకాల పోగొట్టుకుంటే షుగర్‌కే ఫాయిదా. తిన్న తర్వాత రక్తంల చేరిన చక్కెరను ఎక్కువగ ఖర్చు పెట్టేది కండనే.

అట్లని నడక బేకార్ అంటలేను. జిమ్ముల తిరిగే మా తమ్ముని దోస్తులు కొందరు "కార్డియో నక్కో ఆపా, ఖాలీ వెయిట్స్" అంటరు. అది కూడ సగం మాటే. అమెరికాల డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు బరువు ఎక్కువున్న మనుషులను మూడు జట్లు చేసి చూసిన్రు, 2012ల నతీజా వచ్చింది. ఒక జట్టుకు నడక, పరుగు లాంటి కార్డియో. ఒక జట్టుకు ఉత్త బరువులెత్తుడు. ఇంకో జట్టుకు రెండూ. చర్బీ దించుట్ల కార్డియో గెలిచింది. బరువులు మాత్రమే ఎత్తినోళ్ళకు కండ పెరిగింది, కాంట మీద బరువు తగ్గలే. రెండూ చేసినోళ్ళకు చర్బీ కార్డియో వాళ్ళంతనే తగ్గింది, కండ కూడ పెరిగింది. కాని వాళ్ళకు టైం రెండింతలు పట్టింది. ఇంట్ల పని, పిల్లలు, నమాజ్, మెహమాన్లు ఉన్న ఆడోళ్ళకు అసలు సవాల్ ఆ టైందే.

ఇంకో హిసాబ్ కూడ చెప్త. 70 కిలోల మనిషి అరగంట చురుకుగ నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 క్యాలరీలు. రోజుకు నాలుగు కప్పుల చాయ్, కప్పుకు రెండు చిన్న చెంచాల చక్కెర అనుకోన్రి. ఉత్త చక్కెరకే దాదాపు 130. నడకంత చాయ్‌లనే కరిగిపోయింది. బరువు దిగుడు ముఖ్యంగ దస్తర్‌ఖాన్ దగ్గర తేలుతది. నడక దిల్‌కు, దమ్ముకు, షుగర్‌కు. కసరత్తు కండను కాపాడనీకి. మూడింటికీ తలా ఒక పని ఉన్నది, ఒకటి ఇంకోదాని పని చెయ్యదు.

పాత రోజుల్ల ఈ బహస్ లేకుండె. మా ఊరి పేరుల ఉన్న కాగజ్ మన మాటే. కొత్తపేట అనే పల్లె సిర్పూర్ పేపర్ మిల్లుతోని కాగజ్‌నగర్ అయింది. అబ్బా ఆ మిల్లుల బొంగుల యార్డుల పని చేసేటోడు. ఇంటి నుంచి మిల్లుకు సైకిల్, అది కార్డియో. ఎనిమిది గంటలు బొంగుల కట్టలు లాగుడు, ఎత్తుడు, అది స్ట్రెంత్. అమ్మీకి బోరింగ్ దగ్గర చేతి పంపు, నడుం మీద బిందె, కూసొని బట్టలు ఉతుకుడు, కూసొని రొట్టెలు చేసుడు. 2014ల మిల్లు బందయింది, 2018ల జేకే పేపర్ వాళ్ళు తీసుకున్నంక మళ్ళ నడిచింది. నడుమ ఆ నాలుగేండ్లల్ల అబ్బా సైకిల్ గోడకే ఉండె. పొట్ట ముందుకొచ్చింది, చేతులు సన్నబడ్డయి. అదే వఖ్తుకు ఇంట్లకు మోటర్, వాషింగ్ మెషీన్ వచ్చినయి. అల్లా వాటిని సలామత్ ఉంచాలె, వాటిని తీసెయ్యమని ఎవరంటరు! కాని బదన్ చేసే పని పోయింది, దాని జాగల ఏం రాలే.

2024 ఈద్ అయినంక అమ్మీతోని మొదలుపెట్టిన. "మర్ద్‌లాగ బరువులెత్తాల్నా నేను?" అని మొదటి రోజే ఎదురుతిరిగింది. గామా పహిల్వాన్ పేరు ఆమెకు తెలుసు, వాళ్ళ అబ్బా చెప్పేటోడట. 1910ల లండన్ పోయి గోరా పహిల్వాన్లకు చెమటలు పట్టించిన గామా చేసింది దండ్‌లు, బైఠక్‌లే అన్న. జిమ్ముల దాన్నే స్క్వాట్ అంటరు. "కుర్సీ అడిగినవ్ గదా అమ్మీ, అదే కుర్సీల నుంచి చేతులు ఆనకుండ పదిసార్లు లేచి కూసో" అన్న. ఆరుసార్లకు ఆగిపోయింది. రోజూ రెండు గంటలు నడిచే మనిషి!

మా తాలీమ్‌ఖానాల సామాన్ ఇది. ఒక గట్టి కుర్సీ. రెండు లీటర్ల నీళ్ళ బాటిళ్ళు రెండు. మూడు కిలోల బియ్యం పోసిన పిల్లల స్కూల్ బ్యాగు. ఒక గోడ. కుర్సీ నుంచి లేచుడు, గోడకు చేతులు పెట్టి దండ్, బ్యాగును నడుం వంచకుండ, తుంటిని వెనకకు తోసి నేల మీదికెల్లి లేపుడు, కొద్దిగ ముందుకు వంగి బాటిల్‌ను పక్కటెముకల దాక గుంజుడు, ఖిడికీ పట్టుకొని మడమలు లేపుడు. ఒక్కోటి ఎనిమిది నుంచి పదిసార్లు, రెండు చుట్లు. అరగంట పట్టది. సోమవారం, బేస్తవారం ఆమె నఫిల్ రోజాలు ఉంటది, అందుకే మంగళవారం, శనివారం పెట్టుకున్నం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ల చెప్పింది కూడ ఇంతే: వారానికి 150 నుంచి 300 నిమిషాల మామూలు కార్డియో, కనీసం రెండు రోజులు కండల కసరత్తు. రోజుకు రెండు గంటల నడకను వారంల అయిదు రోజులు, 40 నిమిషాలకు తెచ్చినం. కాని తేజ్‌గ నడవాలె. మాట్లాడగలగాలె, నాత్ మాత్రం పాడలేనంత.

పదిసార్లు ఆరామ్‌గ వస్తున్నయంటే బరువు పెంచాలె. అసలు రాజ్ అదొక్కటే. మూడు కిలోల బ్యాగు రెండేండ్లు అట్లనే మోస్తే బదన్‌కు కొత్తగ చెప్పేదేం ఉండదు. అమ్మీ బ్యాగు ఇప్పుడు తొమ్మిది కిలోలు. లేపేటప్పుడు దమ్ము బిగపట్టొద్దు, బీపీ ఉన్నోళ్ళు అస్సలే వద్దు. ఊపిరి వదులుకుంట లేపాలె. మోకాలు పొడిచినట్టు నొస్తే ఆపాలె, తెల్లారి తొడలు పట్టేసినట్టుంటే మాత్రం భయపడొద్దు.

రెండూ ఒకేరోజు చేస్తే కండ పెరగదని మా తమ్ముడు అడ్డం పడ్డడు. ఆ మాట 1980ల రాబర్ట్ హిక్సన్ అనే అమెరికా పరిశోధకుని పనికాడికెల్లి వచ్చింది. ఆయన పది వారాలు బరువులు, పరుగు, సైకిల్ కలిపి చేయిస్తే, చివరి వారాల్ల తాఖత్ పెరుగుడు ఆగి వెనకకు పోయింది. కాని వాళ్ళు వారానికి అయిదు రోజులు బరువులు, ఆరు రోజులు జోర్‌దార్ కార్డియో చేసిన్రు. అమ్మీ నడకకు, ఆ లెక్కకు ఏం రిష్తా? ఒకేరోజు రెండూ ఉంటే ముందు కసరత్తు, తర్వాత నడక. ఇంత చాలు.

మొదటి నెలంతా కాంట కదల్లే. 69, 69, మళ్ళ 69. అమ్మీకి కోపం వచ్చింది. "నడిచినప్పుడన్న తగ్గిన" అని బియ్యం డబ్బల పోసేసింది. కాని అదే నెలల షల్వార్ నాడా ముడి రెండు వేళ్ళు లోపలికి జరిగింది. ఆడోళ్ళ నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మొగోళ్ళది 90 దాటొద్దని మన దేశపు డాక్టర్లు చెప్తరు. దర్జీ టేపు చాలు, కాంట కంటే సచ్చీ గవాహీ అదే. బియ్యం మళ్ళ బ్యాగులకు వచ్చింది.

మేల మా జిల్లా ఎండ 45 డిగ్రీల దాక పోతది, ఫజర్ అయిన గంటకే రోడ్డు మండుతది. నవంబర్‌ల ఇంకో ముసీబత్. ఊరి పక్క పత్తి చేన్ల పని చేస్తున్న ఒక జవాన్ పిల్లను పులి చంపింది. చుట్టు ఊర్లల్ల ఆంక్షలు పెట్టిన్రు, చీకట్ల నడిచే ఆడోళ్ళంతా ఇండ్లల్ల ఉన్నరు. అడవి అంచున ఉన్న ఊరు మాది, బయట నడకనే నమ్ముకుంటే ఏడాదిల సగం రోజులు ఏదో ఒక బహానా దొరుకుతది. ఆ రోజుల్ల అమ్మీ డాబా మెట్లు ఎక్కి దిగింది.

తిండి గురించి ఒక్క మాట, కడుపుల ఉన్న మాట. మన ఇండ్లల్ల గోష్ ఉంటది, ప్రొటీన్‌కు ఏం కమీ అనుకుంటరు. దస్తర్‌ఖాన్ మీద చూడున్రి. బోటీలు ముందు మొగోళ్ళకు, తర్వాత పిల్లలకు, మెహమాన్లకు. అఖ్రీల కూసునే అమ్మీకి శోర్బా, అన్నం, ఒక బొక్క. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలె. అమ్మీకి సుమారు 57 గ్రాములు. ఒక అండాల ఆరు, కటోరీ పప్పుల ఆరేడు. శోర్బాల ఏముంటది? కసరత్తు చేసి శోర్బా తాగితే కండ ఎక్కడికెల్లి వస్తది? ఇప్పుడు మా ఇంట్ల కుండ దించంగనే అమ్మీ వాటా ముందే వేరే గిన్నెల తీసిపెడుతున్నం. అబ్బాకు మొదట్ల కొంచెం అజీబ్ అనిపించింది. ఇప్పుడు ఆయనే అడుగుతడు, "తుమారీ అమ్మీ కా నికాలే క్యా?" అని. కిడ్నీ తక్లీఫ్ ఉన్నోళ్ళు మాత్రం డాక్టర్‌ను అడిగే ప్రొటీన్ పెంచాలె.

2025 రమ్‌జాన్‌ల కసరత్తు ఆపలే, తగ్గించినం. ఇఫ్తార్‌ల ఖజూర్, నీళ్ళు, చనా, ఒక అండా. మగ్రిబ్ తర్వాత కొంచెం ఆరామ్. ఇషాకు ముందు ఒకే చుట్టు. నడక ఇంట్లనే, మెల్లగ. షుగర్ గోలీలు, ఇన్సులిన్ ఉన్నోళ్ళు రోజా కంటే ముందే డాక్టర్‌ను కలవాలె, నీరసంల కసరత్తు చెయ్యొద్దు. అమ్మీ బరువు ఇప్పుడు 67. అంటే ఏడాదిల రెండే కిలోలు. తరావీహ్‌ల మొదటి పన్నెండు రకాతులు నిలబడి, మిగిలిన ఎనిమిది కుర్సీల. షాదీల్ల ఇప్పుడు ఎవరూ ఆమెను "క్యా ఖారైఁ" అని అడుగుతలేరు, రెండు కిలోలు ఎవరి కంటికీ కనిపించయి.

పక్కింటి ఖాలా మాత్రం పోయిన వారం వచ్చి అమ్మీ బ్యాగు లేపి చూసింది. వెంటనే కింద పెట్టి, "ఇందుల సగం బియ్యం తీసెయ్, రేపటికెల్లి నేనొస్త" అన్నది.