ఆఖరి వారం

2018 మే నెలలో యద్దనపూడి సులోచనారాణి కాలిఫోర్నియాలో పోయారన్న వార్త వచ్చిన రోజు అమ్మ ఫోన్ చేసింది. నేను ఆఫీసులో, మీటింగు మధ్యలో ఉన్నాను. మామూలుగా ఆ టైములో అమ్మ చెయ్యదు. ఎవరికేమైందోనని బయటికి పరిగెత్తి ఎత్తితే, "సులోచనారాణి పోయిందంట్రా, టీవీలో వేస్తున్నారు" అంది. మా చుట్టాల్లో సులోచనారాణి ఎవరా అని కాసేపు ఆలోచించాను.

పదిహేను రోజుల తర్వాత నేనొక వ్యాసం రాశాను. అందరూ నివాళులు రాస్తున్నారు కాబట్టి నేను వేరేది రాయాలి, అదీ నా ఉత్సాహం. వారపత్రికల నవలల మీద రాశాను. ఆరడుగుల అందగాడు, పొడవాటి కారు, ఆత్మాభిమానం గల పేదింటి అమ్మాయి, అపార్థాలు, చివరికి పెళ్ళి. ఈ లెక్కంతా విప్పి చూపించి, ఇవి ఒక తరం ఆడవాళ్ళకి పగటికలలు అమ్మాయనీ, ఆ నవలలు చదివిన ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని వాటిని కొనుక్కున్నారనీ తేల్చేశాను. 'పలాయనం' అన్న మాట ఐదుసార్లు వాడాను, తర్వాత లెక్కపెట్టుకున్నాను. ఒక వెబ్ పత్రికలో వచ్చింది. కొందరు పెద్దవాళ్ళు తిట్టారు, కొందరు కుర్రాళ్ళు మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే రెండూ బాగానే అనిపించాయి.

మా పెద్దమ్మ కొడుకు దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అమ్మ చదివింది. "బాగా రాశావురా, రెండు మూడు మాటలు తెలీలేదు" అంది. అంతే. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు, అన్నం వడ్డిస్తూ చాలా మామూలుగా అడిగింది.

"ఆ నవలలు చదివిన ఆడవాళ్ళు అని రాశావు కదా. ఎవర్ని చూసి రాశావురా?"

నెయ్యి వెయ్యమన్నాను.

మాది రేపల్లె. ఇప్పుడు బాపట్ల జిల్లా అనాలి, 2022 నుంచి. నాకింకా గుంటూరు జిల్లా అనే వస్తుంది. తెనాలి నుంచి వచ్చే రైలు లైను మా ఊళ్ళో అయిపోతుంది. ఆ తర్వాత పట్టాల్లేవు, పొలాలూ కృష్ణా సముద్రమూ అంతే. అందుకని మా ఊరివాళ్ళకి రైల్లో ఎంత మొద్దునిద్ర పట్టినా భయం లేదు, దిగాల్సిన స్టేషను దాటిపోదు. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో డెల్టా పాసింజర్లో రాత్రంతా హాయిగా నిద్రపోయేవాణ్ణి. వేరే రైళ్ళలో ఇప్పటికీ గంటకోసారి లేస్తాను.

నాన్న ఎరువుల కొట్లో గుమస్తా. మూడు గదుల పెంకుటింట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, చెల్లి. బాబాయి డిగ్రీ చదివినన్నాళ్ళు బాబాయి కూడా. పడకగదిలో మంచం కింద ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఒకటి ఉండేది. అమ్మ పుట్టిల్లు అవనిగడ్డ, కృష్ణకి అవతల. ఇప్పుడు పెనుమూడి దగ్గర వంతెన ఉంది కానీ, అమ్మ పెళ్ళినాటికి పంటు మీద దాటాల్సిందే. కాపరానికి వచ్చినప్పుడు సారెతో పాటు ఆ ట్రంకు పెట్టె కూడా పంటెక్కింది. దాన్ని మోసిన మనిషి "ఏంటమ్మా, ఇటికెలా?" అన్నాడని అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

పెట్టె నిండా సీరియళ్ళు. వారపత్రికల్లోంచి వారం వారం కాగితాలు విడదీసి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించినవి. జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్ళు, పురుగు పట్టకుండా. పెట్టె తెరిస్తే ఆ వాసన, కలరా ఉండల వాసన, పాత కాగితం వాసన కలిసి ముక్కుకి తగిలేవి. అట్టల మీద అమ్మ చేతిరాతతో నవల పేరు, రచయిత్రి పేరు. లోపల మొదటి పేజీలో బాపు బొమ్మ ఉంటే ఆ పుస్తకానికి ఇంట్లో కాస్త ఎక్కువ మర్యాద.

నేను ముందు చదివింది ఆ సీరియళ్ళని కాదు, వాటి వెనకవైపుని. సీరియల్ పేజీ విడదీసినప్పుడు దాని వెనక ఏది అచ్చయితే అది కూడా వచ్చేస్తుంది కదా. సగం జోకు, సగం సినిమా సమీక్ష, తాలింపు దగ్గర ఆగిపోయిన వంకాయ కూర. మాలతీ చందూర్ 'ప్రమదావనం'లో ఎవరో ఒకావిడ అడిగిన ప్రశ్న ఉండేది. ఆడపడుచు పెళ్ళికి తన నగలు ఇమ్మంటున్నారు, ఏం చెయ్యను, అని. జవాబు వేరే పేజీలో, అది లేదు. ఆవిడ నగలు ఇచ్చిందో లేదో అని నేను మూడో తరగతిలో చాలా బాధపడ్డాను. అదే మాలతీ చందూర్ స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లీషు నవలల్ని పరిచయం చేసేవారు. ప్రపంచంలో ఇంకా బోలెడు నవలలున్నాయని నాకు తెలిసింది అక్కడే. పుస్తకాల గురించి కూడా రాయొచ్చన్న సంగతీ అక్కడే తెలిసింది. నా వ్యాసంలో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఎండాకాలం రాత్రుళ్ళు కరెంటు పోతే వాకిట్లో మంచాలు వేసేవాళ్ళం. అమ్మ లాంతరు దగ్గరగా పెట్టుకుని ఒక బైండు తీసేది. నాయనమ్మకి చదవడం రాదు. పక్కింటి పిన్నిగారికి వచ్చు కానీ, అమ్మ చదివితేనే బాగుంటుందని వచ్చి కూర్చునేది. మా వైపు వరికోతలయ్యాక మాగాణుల్లో మినుము వేస్తారు. కొత్త మినుములు ఇంటికి వచ్చేది ఎండలు ముదిరేటప్పుడే. నాయనమ్మ చేటలో మినుములు పోసుకుని చీకట్లో కూడా వేళ్ళతో రాళ్ళేరేది. అమ్మ చదవడం, నాయనమ్మ అడ్డం పడటం.

"కారు దిగాడు, కారెక్కాడు. వీడికి వేరే పనేం లేదంటే?"

"పెద్ద కంపెనీ ఉందత్తయ్యా."

"ఉంటే? మరి లెక్కలు ఎవరు చూస్తున్నారు? మీ ఆయన చూడు, ఒక్క ఎరువుల కొట్టు లెక్కకే రాత్రి పదవుతుంది."

పిన్నిగారిది ఇంకో రకం. హీరోయిన్ జ్వరంతో పడుకుంటే చాలు, "ఇహ వచ్చేస్తాడు చూడండి" అనేది. వచ్చేవాడు. ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఆ తర్వాత అతను నుదుటి మీద చెయ్యి వేసే పేరా వచ్చేసరికి ముగ్గురూ నిశ్శబ్దంగా వినేవాళ్ళు. నవ్వడమూ వినడమూ రెండూ నిజమే. మా టీమ్‌లో కోడ్ రివ్యూలు చాలా ఘాటుగా చేస్తానని నాకు పేరుంది. నాయనమ్మ చేసినంత ఘాటుగా నేనెప్పుడూ చెయ్యలేదు. కాకపోతే ఆవిడ రివ్యూ చేసి కూడా మర్నాడు రాత్రి మిగతాది వినడానికి అందరికన్నా ముందు మంచమేసుకునేది.

నాన్న ఇవేవీ విననట్టే ఉండేవాడు. కాస్త దూరంగా నవారు మంచం మీద, మొహం మీద తువ్వాలు వేసుకుని. అందరూ లేచాక తువ్వాలు తియ్యకుండానే అడిగేవాడు, "ఏమైందంట ఆ పిల్లకి?"

ఆ పెట్టెలో ఒక బైండుకి చివర లేదు. నవల పేరు చెప్పను. చెబితే ఎవరో ఒకరు కింద ముగింపు రాసేస్తారు. యద్దనపూడిది మాత్రం కాదు. ఊళ్ళో ఆఫీసులో టైపిస్టుగా చేరిన అమ్మాయి, యజమాని కొడుకు, అతని తల్లి పెట్టే బాధలు. 1977లో వారం వారం వస్తుంటే అమ్మ దాస్తూ వచ్చింది. అమ్మకప్పుడు పదిహేనేళ్ళు. ఆఖరి భాగం వచ్చే వారం పోయే వారం అనగా నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఆఖరి వారం పత్రిక అవనిగడ్డ చేరలేదు. చేరినా చదివే స్థితి లేదు. అమ్మవాళ్ళది డాబా ఇల్లు కాబట్టి మిగిలారు. అటక మీద ఉన్న కాగితాలు కూడా మిగిలాయి, ఆ బైండు అంచుల్లో నీటిమరక ఉంది, టీ రంగులో. ఆ రాత్రి గురించి అమ్మ మాకెప్పుడూ చెప్పలేదు. "దీనికి చివరేదీ?" అని ఎవరైనా అడిగితే "ఉప్పెనలో పోయింది" అనేది. మా వైపు ఆ మాట తర్వాత ఇంకెవరూ ఏమీ అడగరు.

కానీ నాయనమ్మకి కథ సగంలో ఆగితే కుదరదు. అందుకని చివర అమ్మే చెప్పేది. పుస్తకంలో చూస్తున్నట్టే తల వంచుకుని, ఆ నవల భాషలోనే. ఏటేటా ముగింపు మారేది. నాకు గుర్తున్నవి నాలుగు. ఒకసారి హీరోగారి మిల్లు సమ్మెలో దివాలా తీసి, ఉద్యోగం ఇప్పించమని ఆ అమ్మాయి దగ్గరికే వచ్చాడు. ఒకసారి అతని తల్లి మేడమెట్ల మీంచి జారిపడింది, ఇది నాయనమ్మ కోరిక. ఒకసారి ఇద్దరికీ పెళ్ళయింది, మూడోరోజున అమ్మాయి డ్యూటీలో చేరింది. ఎక్కువసార్లు మాత్రం ఢిల్లీలో పెద్ద ఉద్యోగం వచ్చి, అతను ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తుండగా రైలెక్కి వెళ్ళిపోయేది.

"ఏ రైలు?" అనేది నాయనమ్మ.

"జీటీ" అనేది అమ్మ, తడుముకోకుండా.

"ఉద్యోగం మానలేదన్నమాట."

"లేదత్తయ్యా."

"మంచి పని చేసింది."

అమ్మ టైపు హయ్యర్ పాసయింది. పెళ్ళికి ముందు అవనిగడ్డలో ఒక ఆఫీసులో ఎనిమిది నెలలు టైపిస్టుగా చేసింది. ఇది నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, ఇంట్లో అప్పుడప్పుడూ వచ్చే మాటే. అమ్మ ఏదైనా ఆలోచిస్తూ కూర్చుంటే చేతివేళ్ళు బల్ల మీద ఆడుతుంటాయి, ఏ ఎస్ డి ఎఫ్ అని. మొదటి జీతంతో నేను ల్యాప్‌టాప్ కొని ఇంటికి తెచ్చినప్పుడు, అక్షరాల వైపు చూడకుండా తన పేరు టక్కున కొట్టి, "ఇంత మెత్తగా ఉంటే ఏం బాగుంటుంది" అంది. నాకు తెలియనిది ఒకటే. ఆ దసరాకి, నెయ్యి వేసుకుని అన్నం తిని లేచాక, నాన్నని అడిగాను. అమ్మ ఉద్యోగం ఎందుకు మానేసింది అని. "రోజూ రేవు దాటి ఎలా వెళ్తుందిరా" అన్నాడు ముందు. కాసేపాగి, "మీ నాయనమ్మ వద్దంది" అన్నాడు.

నాయనమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నేను ఇంటర్లో ఉండగా పోయింది. "మంచి పని చేసింది" అంటూ చేటలో మినుములు ఎగరేసిన ఆ నాయనమ్మే. అప్పుడు అమ్మ ఏమనుకుంటూ ఉండేదో నాకు తెలీదు. అడగలేదు కూడా.

ఆ నవలలు గొప్పవని ఇప్పుడు చెప్పబోవడం లేదు. మొన్న మళ్ళీ నాలుగు చదివాను. మాటలు ఎక్కువ, కార్లు ఎక్కువ, పనివాళ్ళకి పేర్లుండవు, ఉన్నా మాటలుండవు. ఆ వ్యాసంలో నవలల గురించి రాసినవాటిలో చాలావరకు ఇప్పటికీ ఒప్పుకుంటాను. అవి చదివిన ఆడవాళ్ళ గురించి రాసిన పేరా ఒకటుంది, అందులో ఉన్న ఆడవాళ్ళని నేనెక్కడా చూడలేదు. నాకు తెలిసిన ముగ్గురు వాకిట్లో కూర్చుని ఉంటే, వాళ్ళని దాటుకుని పోయి ఏవో ఇంగ్లీషు వ్యాసాల్లోంచి వాళ్ళని తెచ్చుకున్నాను.

ఆ తర్వాతి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళాను. పాత పుస్తకాల స్టాల్లో, కుప్పలో అడుగున, ఆ నవల దొరికింది. పుస్తకంగా వచ్చిందని కూడా నాకు తెలీదు. 80 రూపాయలు. తెనాలి వచ్చేలోపే చివరి అధ్యాయం చదివేశాను. తెనాలి నుంచి రేపల్లె దాకా అమ్మకి చూపించాలా వద్దా అని ఆలోచించాను.

చూపించాను. అమ్మ అటూ ఇటూ తిప్పి, "అప్పుడీ బొమ్మ కాదు" అంది. కళ్ళజోడు వంటింట్లో ఉంది, లేవబుద్ధి కాలేదు. "చివరి వారానిది ఒక్కటీ చదువు, వింటాను" అంది. నేనెప్పుడూ అమ్మకి ఏదీ చదివి వినిపించలేదు. గొంతు ఎలా పెట్టాలో తెలియక మీటింగులో డాక్యుమెంటు చదివినట్టు మొదలుపెట్టాను. "మెల్లగా" అంది. హీరో తల్లి మనసు మారింది. పెళ్ళి కుదిరింది. ఆ అమ్మాయి ఆఫీసులో తన సీటు దగ్గరికి వెళ్ళి, టైపు మిషను మీద తన రాజీనామా తనే కొట్టుకుని, సంతోషంతో కళ్ళు తుడుచుకుంది. పేజీన్నర. అయిపోయింది.

అమ్మ వేళ్ళు మంచంపట్టె మీద ఆగాయి. "ఎంతకిచ్చాడు?" అంది.

"80."

"పాతదానికి ఎక్కువే."

లోపలి గదిలోంచి నాన్న దగ్గాడు. పడుకున్నాడనుకున్నాం.

"ఏమైందంట ఆ పిల్లకి?"

అమ్మ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మూసింది.

"ఢిల్లీ వెళ్ళిందండీ" అంది.