అష్టూరు గుమ్మటాలు

బీదరు పట్నానికి తూర్పుగా సుమారు మూడు కిలోమీటర్లు పోతే అష్టూరు గ్రామం వస్తుంది. అక్కడ పొలాల మధ్య బహమనీ సుల్తానుల గోరీలు వరుసగా నిలిచి ఉన్నవి. దారిలో హజరత్ ఖలీలుల్లా సమాధి అయిన ఎనిమిది పలకల చౌఖండీ కూడా చూడదగినది.

గోరీలలో పెద్దపేరు అహమ్మదు షా వలీది. గుల్బర్గా నుండి రాజధానిని బీదరుకు మార్చిన సుల్తాను ఆయనే. 1422 నుండి 1436 వరకు పాలించాడు. గుమ్మటం లోపల రంగులు, బంగారు వ్రాతలు నేటికీ కనబడతాయి. సమీపంలోనే హుమాయూను షా గోరీ పిడుగుపాటుకు సగం కూలి ఉన్నది. అతడు క్రూరుడని చరిత్ర చెబుతుంది. అందుకే ఆకాశం కోపగించిందని జనం అనుకోవడం కద్దు.

బహమనీ వంశం పదహారవ శతాబ్దంలోనే అంతరించింది. మరి అహమ్మదు షాకు దీపం పెట్టేదెవరు? హోళీ వెళ్ళిన తరువాత జరిగే ఉరుసు చూస్తే జవాబు దొరుకుతుంది. ముసల్మానులు ఆయనను వలీ అని కొలుస్తారు. లింగాయతులు అల్లమప్రభు అవతారమని భావిస్తారు. గుల్బర్గా వైపు నుండి జంగమయ్య శిష్యులతో వచ్చి, గోరీ వద్ద శంఖం ఊది, టెంకాయ కొట్టి, పూలు సమర్పిస్తాడు. ఫాతిహా చదివేవారు చదువుతారు. ఎవరికీ అభ్యంతరం లేదు.

చీనా దేశస్థులకూ ఇట్టి చింత ఉన్నది. ఏప్రిలు మొదటి వారంలో వచ్చే ఛింగ్‌మింగ్ నాడు పెద్దల సమాధులపై గడ్డి పీకి, ఊడ్చి, అన్నం, అగరువత్తులు పెడతారు. పరలోకంలో ఖర్చుకని కాగితపు నోట్లు కాలుస్తారు. వారి ఏడవ నెలలో వాకిలి బయట కూడా భోజనం పెడతారు. అది సంతానం లేక ఆకలితో తిరిగే ఆత్మలకని వారి నమ్మకం. మన తర్పణంలోనూ చివర దిక్కులేని వారి కొక దోసెడు నీళ్ళు వదలడం లేదా!

ఇక మన మాట. పెత్రమాస వస్తే ఆఫీసులో సెలవు చీట్లు పెరుగుతాయి. ఇంటింటా పెద్దలకు బియ్యమిస్తారు. కాని ఇచ్చే చేతులు ఏటేటా ముసలివవుతున్నవి. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. తాత పేరు చెప్పగలరు. ముత్తాత పేరు అడిగితే తడుముకుంటారు. వారిని నిందించి లాభం లేదు, మనం చెప్పలేదు గనుక.

కనుక చదువరులకొక మనవి. మూడు తరాల పేర్లు, గోత్రం, ఊరు ఒక నోటుబుక్కులో వ్రాసి పిల్లల చేతికివ్వండి. వారసులు ఊరు విడిచిన ఇరుగుపొరుగు పెద్దలుంటే, వారి పేర కూడా ఒక దోసెడు బియ్యం తీయండి. సుల్తానుకు జంగమయ్య ఏ చుట్టం?