నీళ్ళు లేని దీవి

పిల్లలూ! దీవి అంటే చుట్టూ నీళ్ళున్న నేల అని మీరు చదివే ఉంటారు. నీళ్ళు చుట్టూ లేకుండానే దీవి అనదగిన చోటు ఒకటి మన ఆదిలాబాదు సీమలో ఉన్నది. బెజ్జూరు అడవిలో, ప్రాణహిత ఒడ్డుకు దగ్గరగా ఉన్న పాలరాపు గుట్ట అది. నిట్టనిలువు రాతిగోడ. 2013లో ఆ రాతి అరల మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనిపించినవి. మన ప్రాంతంలో రాబందులు దాదాపు కనుమరుగైన రోజులవి. చుట్టూ ఎంత నేల ఉన్నా, నడిసముద్రపు దీవిలోని ప్రాణుల వలె ఆ కొద్ది పక్షులూ ఒక్క చోటనే తలదాచుకొన్నవి.

నా చిన్నతనంలో కరీంనగరం పల్లెల్లో పశువు చస్తే ఊరి బయట పడవేసేవారు. ఎక్కడి నుంచో రాబందులు దిగేవి. చూస్తుండగానే ఎముకలు మాత్రం మిగిలేవి. కంపు లేదు, రోగం లేదు.

మరి ఆ పక్షులు ఏమైనవి? కుంటే ఎద్దుకు నొప్పి తగ్గాలని రైతులు డైక్లోఫెనాక్ అనే మందు వేయించారు. దయతో చేసిన పనే. కాని మందు పడిన కొద్దిరోజులలో ఆ ఎద్దు చస్తే, దాని మాంసం తిన్న రాబందులకు మూత్రపిండాలు చెడిపోయేవి. ఒక్క కళేబరం చుట్టూ గుంపులు మూగుతాయి గదా! పైగా రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఇక లోటు తీరేదెట్లా? 1992కూ 2007కూ నడుమ మన దేశంలో పొడుగుముక్కు రాబందులు నూటికి 95కు పైగా నశించినవి.

పోతే మనకేమి అంటారా? తినేవారు లేక మిగిలిన కళేబరాలతో ఊరకుక్కలు పెరిగినవి. పిచ్చికుక్క కాటు భయమూ పెరిగింది.

సముద్రంలోని దీవులలోనూ ఇదే కథ. కాలిఫోర్నియా తీరాన శాంతాక్రూజ్ అనే దీవి ఉన్నది. డి.డి.టి. విషం వల్ల అక్కడ చేపలు తినే తెల్లతల గద్దలు మాయమైనవి. 1990 తరువాత, ఖాళీ పడిన ఆ చోటికి బంగారు గద్దలు వచ్చినవి. అవి పందిపిల్లలతో పాటు, పిల్లి అంతటి చిన్న నక్కలను కూడా తిని, ఆ నక్కజాతిని దాదాపు తుడిచిపెట్టినవి. విషం సోకింది గద్దకు, చావు వచ్చింది నక్కకు!

మన ప్రభుత్వం 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడరాదన్నది. 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ అనే మందులనూ నిషేధించింది. మెలాక్సికామ్ అనే మందు పశువుకు నొప్పి తగ్గిస్తుంది, రాబందుకు హాని చేయదు. మీ ఇంట ఎద్దో బర్రో కుంటితే, నాయన వెంట పశువుల డాక్టరు దగ్గరకు మీరూ వెళ్ళండి. రాబందులకు చెరుపు చేయని మందే ఇమ్మని అడగండి. అడగటానికి సిగ్గెందుకు?