సకినం మునిగేంత నూనె

గడ్డిఅన్నారంలో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక మిర్చిబజ్జీ బండి ఉంటుంది. సాయంత్రం ఆరింటికి పొయ్యి వెలిగిందంటే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చే హాస్టల్ పిల్లలంతా అక్కడే. ఆఫీసు నుంచి వస్తూ ఆ కడాయి వంక చూడటం నాకో అలవాటైపోయింది. నూనె ఎంతుంది, ఏ రంగులో ఉంది, నురగ వస్తోందా... బజ్జీ మాత్రం కొనను. బండి ఆయన నన్ను ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనుకుంటున్నాడేమోనని నా అనుమానం.

ఈ పిచ్చి నాకు 2023 నవంబరులో పట్టుకుంది. ఆ నెలలోనే నాన్నకు స్టెంట్ వేశారు.

ఆరోజు ఆసుపత్రి వరండాలో, రాత్రంతా నిద్రలేక, అమ్మతో ఒక మాటన్నాను. ‘‘అంతా నీ నూనె వల్లే. ఎప్పుడు చూసినా కడాయి పొయ్యి మీదే ఉంటది’’ అని. అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, నాన్న చెప్పులున్న కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గంట తర్వాత డాక్టరు నన్ను పిలిచి కారణాలు వివరించాడు. మొదట చెప్పింది ముప్పై ఏళ్ల బీడీలు. తర్వాత అదుపులో లేని షుగర్. నూనె సంగతి ఆ తర్వాతెప్పుడో వచ్చింది. నేను బయటికొచ్చి అమ్మకు మందుల చీటీ ఇచ్చాను. ఆ వరస మాత్రం చెప్పలేదు.

2024 సంక్రాంతికి మా ఇంట్లో పొయ్యి మీద కడాయి ఎక్కలేదు. మాది నల్గొండ వైపు. సంక్రాంతి అంటే సకినాలే. నాకు ఊహ తెలిశాక సకినాలు లేని పండుగ అదొక్కటే. ఎదురింటి గుంటూరు పిన్నిగారు ‘‘ఏంటండీ, ఈసారి మీ బాణలి చప్పుడు లేదు?’’ అని అడిగితే, ‘‘ఈయనకు పడదు గదమ్మా’’ అంది అమ్మ. ఆవిడ జంతికలు ఇచ్చి వెళ్లింది. అమ్మ వాటిని డబ్బాలో పెట్టింది. నెల తర్వాత అలాగే తీసి పక్కన పెట్టేసింది. (కడాయి, మూకుడు, బాణలి... మా సందులోనే ఒకే వస్తువుకు మూడు పేర్లున్నాయి. గడ్డిఅన్నారం అంటే అంతే మరి. సగం నల్గొండ, సగం కోస్తా.)

తప్పు చేసినవాళ్లు వస్తువు కొనిపెట్టి చక్కబెడదామనుకుంటారు. నేనూ అదే చేశాను. 2024 డిసెంబరులో వాయిదాల మీద ఒక కరెంటు డీప్ ఫ్రైయర్ కొన్నాను. దానికి వేడిని అదుపుచేసే మీట, పైన మూత, లోపల జల్లెడ బుట్ట. నూనె మాడదు, పొగ రాదు, గంట కొడితే తీసేయడమే. అమ్మకు చూపించి ‘‘ఇదైతే నాన్నకు కూడా ఏం కాదు’’ అన్నాను. అమ్మ ఒకటే ప్రశ్న అడిగింది.

‘‘దీంట్ల నూనె ఎంత పొయ్యాలె?’’

గిన్నె లోపల రెండు గీతలున్నాయి. కింది గీతకు రెండు లీటర్లు, పై గీతకు రెండున్నర. కింది గీత కన్నా తక్కువ పోస్తే లోపలి వేడి కడ్డీ నూనెలో మునగక మాడిపోతుందని, అసలు ఆన్ చెయ్యొద్దని పుస్తకంలో రాసుంది.

‘‘రెండు లీటర్లా? ఏం, పెండ్లి చేస్తున్నమా?’’ అంది అమ్మ. అయినా నా ముఖం చూసి పోసింది. ఆ ఆదివారం అరకిలో పిండితో చెక్కగారెలు చేశాం. బాగా వచ్చాయి. నాన్న రెండు తిన్నాడు. నేను ఫొటో తీసి మా అన్నకు పంపాను. అంతటితో కథ అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. మూడు వారాల తర్వాత ఒక రాత్రి ఆలుగడ్డ వేపుడు నోట్లో పెట్టుకున్న నాన్న ‘‘ఏందో మక్కు వాసనొస్తుంది’’ అన్నాడు. వంటింట్లోకి వెళ్లి చూస్తే గట్టు కింద స్టీలు క్యాన్. దాని నిండా ఫ్రైయర్‌లోంచి తీసిన నూనె. చిక్కగా, టీ డికాషన్ రంగులో. ఆ మూడు వారాలూ మా ఇంట్లో వేపుళ్లు, పూరీలు, తాలింపులు అన్నీ ఆ నూనెతోనే. ‘‘లీటరున్నర కంటె ఎక్కువ మిగిలింది. పైసలు పెట్టి కొన్న నూనె మోరీల పోస్తరానే?’’ అంది అమ్మ.

ఆమె తప్పేముంది? రెండు లీటర్లు పొయ్యమన్నది నేను. మిగిలింది ఏం చెయ్యాలో చెప్పనిదీ నేనే.

జర్నలిజం డిప్లొమాలో మాకు నేర్పిన మొదటి పాఠం, అంకె రాసేముందు లెక్క సరిచూసుకొమ్మని. ఆరోగ్యం పేజీకి నూనెల మీద కనీసం అరడజను వ్యాసాలు రాసుంటాను. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చిన సంస్థ అది. 2024 మేలో వాళ్లు విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల మీద కూడా నేనే రాశాను. వేయించడానికి ఒకసారి వాడిన నూనెను మళ్లీ వేయించడానికి వాడొద్దు, వడకట్టి కూరల్లో వాడుకోవచ్చు, అదీ ఒకట్రెండు రోజుల్లోనే అని అందులో ఉంది. రాసినప్పుడు చాలా మామూలు వాక్యంలా అనిపించింది. స్టీలు క్యాన్ ముందు నిలబడ్డాక దాని అర్థం తెలిసింది. ముగ్గురున్న ఇంట్లో లీటరున్నర నూనె రెండు రోజుల్లో ఎవరు తింటారు?

అంటే అసలు ప్రశ్న ఎంత పొయ్యాలన్నది కాదు, ఎంత మిగలాలన్నది. మిగిలేది రెండు రోజుల కూరలకు సరిపోయేంతే ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకు రావాలి.

హోటళ్లకైతే చట్టం ఉంది. పదేపదే కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపే పథకం కూడా మొదలుపెట్టారు. ఇంట్లో ఆ శాతం కొలిచే మీటరు ఎవరికుంటుంది? ముక్కు, కన్ను, వేలు. మక్కు వాసన వస్తే, రంగు ముదిరితే, వేళ్ల మధ్య జిగురుగా సాగితే, కాగేటప్పుడు అణగని నురగ వస్తే దాని పని అయిపోయినట్టే. మా క్యాన్‌లోని నూనెకు నాలుగు లక్షణాలూ ఉన్నాయి.

2025 సంక్రాంతికి వారం ముందు అమ్మ దగ్గరికెళ్లి, ‘‘ఈసారి సకినాలు చేద్దాం, నీ కడాయిలోనే’’ అన్నాను. ‘‘మీ నాయినకు...’’ అని ఆగిపోయింది. ‘‘లెక్క పెట్టి ఇద్దాం’’ అన్నాను. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొన్నాను. (మళ్లీ వస్తువు! అలవాటు పోదు కదా.)

ముందు కడాయిని నీళ్లతో కొలిచాం. ఇది ఎవరైనా చేయొచ్చు. అమ్మ మామూలుగా నూనె పోసే మట్టం ఎక్కడో చూపించమన్నాను. లోపల రంగు మారిన చార ఉంది కాబట్టి వెతుక్కునే పని లేదు. లీటరు సీసాతో అక్కడి వరకూ నీళ్లు పోశాను. సీసాలో కొంచెం మిగిలింది. 850 మిల్లీలీటర్లు. మట్టం దగ్గర కడాయి అడ్డం 20 సెంటీమీటర్లు, నడిమధ్య లోతు 5 సెంటీమీటర్లు. మా మేడ మీద గదిలో అద్దెకుండే ఇంటర్ కుర్రాడికి ఈ కొలతలు చెబితే, గోళంలో ముక్క అంటూ కాగితం మీద సూత్రం రాసి అదే 850 తెచ్చాడు. తర్వాత వాడే ఇంకో లెక్క వేశాడు. అదే అడ్డం, అదే లోతు ఉండి అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న గిన్నె అయితే 1570 మిల్లీలీటర్లు పడుతుందట. అంటే గుండ్రటి అడుగు వల్లే దాదాపు సగం నూనె ఆదా! నేను వాయిదాల మీద కొన్నది నిటారు గోడల గిన్నె.

కొలిచాక కడాయిని తడి లేకుండా తుడిచి, కాసేపు ఎండలో పెట్టాం. చుక్క నీరున్నా కాగే నూనె చిట్లి మీద పడుతుంది. పిండి వేశాక పొంగుతుంది కాబట్టి నూనె ఎప్పుడూ కడాయిలో సగానికి మించకూడదు. పొరపాటున మంటలంటుకుంటే పొయ్యి కట్టేసి మూత పెట్టాలి గానీ నీళ్లు చల్లకూడదు. ఇవి అమ్మకు తెలుసు. నాకే తెలియదు.

‘‘ఎంత నూనె పోస్తవని అడుగుతవేందే? సకినం మునగాలె, పైకి తేలాలె. గంతే’’ అంది. ఆ గంతేలో చాలా ఉంది. సకినం, చెక్కగారె పలచటివి. రెండు వేళ్ల లోతు నూనె చాలు. పూరీ పొంగాలంటే ఇంకొంచెం కావాలి. బూరె, పునుగు గుండ్రంగా దొర్లాలి కాబట్టి లోతు తప్పదు. అలాగని మరీ తక్కువ పోస్తే ఇంకో చిక్కు. చల్లటి పిండి పడగానే నూనె వేడి జారిపోతుంది. ఎంత తక్కువ నూనె ఉంటే అంత ఎక్కువ జారుతుంది. వేడి తగ్గిన నూనెలో పిండి వేగదు, నానుతుంది. అందుకే అమ్మ ఒక్కో వాయికి నాలుగంటే నాలుగే వేస్తుంది. చిటికెడు పిండి వేసి అది వెంటనే పైకి తేలితేనే మొదటి వాయి.

పాత నూలు పంచె మీద చుట్టలు చుట్టి కాసేపు ఆరనివ్వడం చాదస్తం అనుకునేదాన్ని. పిండిలో నీళ్లు ఆవిరై పోయిన జాగాలోకే నూనె చేరుతుంది. ముందే కొంత తడి బట్ట పీల్చుకుంటే పీల్చే నూనె తగ్గుతుంది. ఇంకో సంగతి చదివి నేనూ ఆశ్చర్యపోయాను. నూనెలో వేగుతున్నంతసేపు లోపలి ఆవిరి బయటికి తన్నుతూ నూనెను రానివ్వదు. ఎక్కువ నూనె లోపలికెళ్లేది బయటికి తీశాక, చల్లారేటప్పుడు. ఆవిరి చల్లబడి లోపల ఖాళీ ఏర్పడి, పైన అంటుకున్న నూనెను లాక్కుంటుంది. అందుకే జాలి గంటెతో తీసిన వెంటనే కడాయి మీదే నాలుగు క్షణాలు దులపాలి. ఇది చెబితే అమ్మ ‘‘మా అత్త గట్లనే దులిపేది’’ అంది.

భోగి ముందు రోజు రెండు కిలోల బియ్యప్పిండి. నువ్వులు, వాము, ఉప్పు. త్రాసు పక్కన నేను, పొయ్యి దగ్గర అమ్మ. మొదట 850 మిల్లీలీటర్లు, అంటే తూకంలో 775 గ్రాములు. (లీటరు నూనె కిలో తూగదు, దాదాపు 910 గ్రాములే. కొనేటప్పుడు ప్యాకెట్ మీద గ్రాములు చూడండి.) మట్టం తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెం పోసింది. చివర్లో పొయ్యడం మానేసి, వాయికి రెండేసి చొప్పున ముగించింది. మొత్తం పోసింది 980 గ్రాములు. కడాయిలో మిగిలింది 300. సకినాలు తాగింది 680. వచ్చిన సకినాలు 104.

మిగిలిన మూడొందల గ్రాముల్లో కొంత భోగినాడు పులిహోర తాలింపుకు, కొంత సంక్రాంతినాడు కూరలకు పోయింది. అడుగున పట్టిన పిండి మడ్డి కాగితంలో తుడిచి పారేశాం. స్టీలు క్యాన్ అవసరం రాలేదు.

నలభయ్యో సకినం దగ్గరనుకుంటా, చెప్పేశాను. ‘‘అమ్మా, ఆరోజు డాక్టరు ముందు బీడీలన్నాడు. తర్వాత షుగరన్నాడు. నీ నూనె కాదు. నేను నీకు చెప్పలేదు.’’

అమ్మ చువ్వతో సకినాన్ని తిరగేసింది. ‘‘నాకు తెల్వదా బిడ్డా? ముప్పై ఏండ్ల సంది ఆ బీడీల కంపు నేనే గదా పీల్చింది’’ అంది. కాసేపాగి, ‘‘నువ్వన్నవు గదా, అందుకే ఊకున్న’’ అంది. ఇంకో వాయి వేసింది. నేను త్రాసు మీద అంకె చూస్తూ కూర్చున్నాను. ఏ అంకో గుర్తులేదు.

సకినం ఒకటి పాతిక గ్రాములు తూగింది. అందులో నూనె ఆరున్నర గ్రాములు. పోషకాహార సంస్థ 2024 పుస్తకంలో రెండు వేల కేలరీల రోజువారీ భోజనానికి చూపించిన నూనె 27 గ్రాములు. నాన్నకు డాక్టరు చెప్పింది ఇరవై. మూడు సకినాలు తింటే ఆ రోజు కూరలో తాలింపుకు కూడా చుక్క మిగలదు. ఒకటని రాసి డబ్బా మూతకు అంటించాను.

ఫ్రైయర్ అటకెక్కింది. వాయిదాలు ఇంకా నాలుగున్నాయి అప్పటికి.

పండుగనాడు మధ్యాహ్నం నాన్న ఒక సకినం కరకరా నమిలి, డబ్బా వైపు చూశాడు. మూత మీది చీటీ చదివాడు. ‘‘నిన్న నేను తినలేదు గదా. నిన్నటిది ఈరోజు ఇయ్యి’’ అన్నాడు. అమ్మ నా వంక చూసింది. నేను లెక్క వేస్తున్నట్టు నటించాను. ఆలోపే అమ్మ సగం విరిచి ఆయన చేతిలో పెట్టింది.