మర్చిపోవడం వేరు, గుర్తుకు రాకపోవడం వేరు



పదో తరగతి ఫలితాలు వచ్చాక రెండు వారాల పాటు మన కొంపల్లి క్యాంపస్‌లో టీచర్లకు వేరే పని ఉండదు. సుచిత్ర నుంచి, గుండ్లపోచంపల్లి నుంచి, మేడ్చల్ నుంచి మీరు వస్తారు. పదకొండులో ఏ గ్రూపు అన్నదే మాట. ఆ రెండు వారాల్లో నన్ను ఎక్కువమంది అడిగేది, "సైకాలజీ తీసుకుంటే ఏం లాభం మేడమ్?" అని. కొందరు గొంతు తగ్గించి, "పిచ్చివాళ్ళ గురించే కదా?" అంటారు. ఇంకొందరు, "ఈజీ అంట కదా, మార్కులు బాగా వస్తాయట" అంటారు. ఈ మూడింటికీ నేను నిలబడి చెప్పే జవాబులు నాకే పేలవంగా అనిపిస్తాయి. అందుకే ఈసారి జవాబు బదులు, నా క్లాసులో జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. ఆ అమ్మాయినీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళనూ అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగకండి.

ఆ అమ్మాయి తొమ్మిదిలో, పదిలో నా దగ్గర ఇంగ్లిష్ చదివింది. పదకొండులో హ్యుమానిటీస్‌లో చేరడానికి వచ్చిన రోజు వాళ్ళమ్మ నాతో అన్న మొదటి మాట, "దానికి మొదటినుంచీ మెమరీ తక్కువ మేడమ్. సైన్సు మొయ్యలేదు. అందుకే ఇటు." అమ్మాయి పక్కనే ఉంది. కాదనలేదు, తలొంచుకోలేదు కూడా. మా ఇంటి నంబరు ఇది అన్నంత మామూలుగా విన్నది. నేనూ తలూపాను. తలూపకుండా ఎలా ఉంటాను? తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులో 'జ్ఞాపకశక్తి పెంచుకోవాలి' అని రాసింది నేనే.

అసలు ఈ కోర్సు ఏమిటో రెండు మాటల్లో. సీబీఎస్ఈలో సైకాలజీ పదకొండు, పన్నెండు తరగతుల్లో ఐచ్ఛిక సబ్జెక్టు. థియరీ 70 మార్కులు, ప్రాక్టికల్ 30. పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీవి. పదకొండులో పరిశోధన పద్ధతులు, ఎదుగుదల, గ్రహణం, అభ్యసనం, జ్ఞాపకం, ఆలోచన, భావోద్వేగాలు ఉంటాయి. మానసిక రుగ్మతలు, చికిత్సలు పన్నెండులో వస్తాయి. మీరు గొంతు తగ్గించి అడిగేది మొత్తం కోర్సులో ఒకటి రెండు పాఠాలే. పదకొండులో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు, రెండు ప్రయోగాలు చేసి ఫైలు పెట్టాలి. ఈజీ అనుకుని వచ్చినవాళ్ళకు మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే.

నా సంగతి కూడా చెప్పాలి. బీఈడీ చేసేటప్పుడు, టెట్‌కు కోచింగ్ తీసుకునేటప్పుడు నేను సైకాలజీని బిట్లుగా చదివాను. మన తెలుగువాళ్ళలో చాలామందికి సైకాలజీ అంటే టెట్‌లో 30 మార్కుల శిశు వికాసమే. 'విస్మృతి వక్రరేఖ ఎవరిది? ఎబ్బింగ్‌హాస్. పొదుపు పద్ధతి ఎవరిది? ఎబ్బింగ్‌హాస్.' టిక్కు పెట్టడం వచ్చు. ఆయన అసలేం చేశాడో తెలియదు. పరీక్ష అయిన నెలకే అదీ పోయింది. మరపు గురించి చదివిందాన్నే మర్చిపోయాను. తర్వాత ఇంగ్లిష్ చెబుతూ పీజీ చేసినప్పుడు గానీ ఆ వక్రరేఖ వెనక ఒక మనిషి ఉన్నాడని తెలియలేదు.

ఎబ్బింగ్‌హాస్ జర్మనీవాడు. వేరే ఎవరూ దొరకనట్టు తనమీద తానే ప్రయోగం చేసుకున్నాడు. అర్థంలేని అక్షరగుచ్ఛాలు తయారుచేసుకుని, వరుసగా తప్పులేకుండా అప్పగించేదాకా చదివేవాడు. కొంతకాలం ఆగి మళ్ళీ మొదటినుంచి నేర్చుకునేవాడు. రెండోసారి ఎంత శ్రమ మిగిలిందో లెక్కకట్టేవాడు. అదే పొదుపు. 1885లో అచ్చువేసిన ఆ లెక్కల ప్రకారం 20 నిమిషాల తర్వాత పొదుపు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34 దాకా, 31 రోజులకు 21. మనం ఈ బొమ్మను 'అంతా పోతుంది' అని చూపించడానికి వాడతాం. నా క్లాసులో ఆ అమ్మాయి చివరి అంకె దగ్గర ఆగి అడిగింది: "నెల తర్వాత కూడా అయిదో వంతు శ్రమ తగ్గిందంటే, ఎంతో కొంత లోపల ఉన్నట్టే కదా మేడమ్?" మంచి ప్రశ్న. అది అడిగింది మెమరీ తక్కువైన పిల్ల అన్న సంగతి ఆ నిమిషం నాకు గుర్తుకు రాలేదు.

మొదటి ప్రయోగానికి ఆమె ఎంచుకున్నది వాళ్ళ బాపమ్మని. నేను పెట్టే షరతు ఏంటంటే, పాల్గొనేవాళ్ళకు ఏం చేయబోతున్నామో ముందే చెప్పాలి, ఒప్పుకుంటేనే చేయాలి, మధ్యలో వద్దంటే ఆపేయాలి, పేరు బయటపెట్టకూడదు. పుస్తకంలో పరిశోధన నైతికత అని ఉండేది ఇదే. పిల్లలు దాన్ని కాగితం మీద రాసుకుని ఇంటికి తీసుకెళ్తారు. బాపమ్మకు చదివి వినిపిస్తే ఆవిడ నవ్విందట. "ఇన్నేండ్లల్ల నన్ను అడిగి చేసినోళ్ళెవరున్నరే?" అని సంతకం పెట్టిందట. ఈ మాట ఆ అమ్మాయి ఫైల్లో రాయలేదు, నాతో చెప్పింది.

ప్రయోగం చిన్నదే. 15 ఇంగ్లిష్ పదాలు, ఒక్కొక్కటీ రెండు సెకన్ల చొప్పున చదివి, గుర్తున్నవి చెప్పమనాలి. బాపమ్మ నాలుగు చెప్పింది. హాల్లో టీవీ చూస్తున్న నాన్న, "అమ్మకు మతిమరుపు మొదలైంది, నేను అంటూనే ఉన్న" అన్నాడట. బాపమ్మ ముఖం చిన్నబోయింది. అమ్మాయికి అది నచ్చలేదు. మర్నాడు తనే ఇంకో పట్టిక తయారుచేసింది. చాట, జల్లెడ, రోకలి, తంగేడు, గునుగు, బంతి, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, కోతిమీర... ఇలా 15 పదాలు, కలగాపులగంగా. బాపమ్మ పన్నెండు చెప్పింది. అదీ, వరుస మార్చి: పూలన్నీ ఒకచోట, వంటింటి సామాన్లు ఒకచోట, కూరగాయలు ఒకచోట. బతుకమ్మ పేర్చినట్టు పేర్చి ఇచ్చింది.

ఇది కొత్త విషయమేం కాదు. 1953లో బౌస్‌ఫీల్డ్ అనే ఆయన నాలుగు రకాలకు చెందిన 60 పదాలను కలిపి చదివిస్తే, జనం వాటిని రకాలవారీగా గుంపులు చేసి గుర్తుతెచ్చుకున్నారు. ఈ సంగతి మన పుస్తకంలో ఉంది. అయినా పుస్తకంలో ఉన్నది బాపమ్మ నోట వచ్చేసరికి ఆ అమ్మాయి ఎగురుకుంటూ వచ్చింది. "మేడమ్, తెలుగులో అయితే మెమరీ పెరుగుతుంది, ప్రూవ్ అయింది!"

ఇక్కడ నేను కాస్త కఠినంగానే ఉన్నాను. "ఏం ప్రూవ్ అయింది? ఒకేసారి రెండు మార్చావు. భాష మార్చావు, పదాల్ని రకాలుగా తీసుకున్నావు. దేనివల్ల పెరిగిందో ఎలా చెబుతావు? రెండోరోజు కాబట్టి ఆవిడకు అలవాటైందేమో. పైగా ఒక్క మనిషి." ముఖం మాడ్చుకుని వెళ్ళింది. వారం తర్వాత మూడో పట్టికతో వచ్చింది. తెలుగు పదాలే, కానీ ఒకదానికొకటి సంబంధం లేనివి. ఈసారి తొమ్మిది. దానికింద తనే రాసుకుంది: 'ఒక్కరితో చేసిన ప్రయోగం కాబట్టి అందరికీ వర్తిస్తుందని చెప్పలేం. కానీ మొదటి పట్టికలో నాలుగే రావడానికి మతిమరుపే కారణం అనడానికి ఆధారం లేదు.'

సైకాలజీ వల్ల లాభం ఏంటని అడుగుతారే, నాకు తెలిసిన లాభం ఈ రెండో వాక్యం. పదహారేళ్ళ పిల్ల, ఇంట్లో పెద్దవాళ్ళు తేల్చేసిన మాటను, కోపంతో కాకుండా లెక్కతో పక్కన పెట్టింది.

ఫైలు దిద్దుతుంటే ఆ అమ్మాయి పక్కన నిలబడి ఇంకో మాట చెప్పింది. మూడో పట్టికప్పుడు ఒక పదం దగ్గర బాపమ్మ చాలాసేపు ఆగిందట. "మరిచిపోయినవా?" అంటే, "మరువలే బిడ్డా, యాదికొస్తలేదు. నాలిక మీదనే ఉన్నది" అన్నదట. చూడండి, మన భాషలో ఈ తేడా ఎంత తేలిగ్గా ఉందో. మరిచిపోవడం ఒకటి, యాదికి రాకపోవడం ఇంకొకటి. సైకాలజిస్టులు దీన్ని రిట్రీవల్ వైఫల్యం అంటారు: లోపల ఉంది, పైకి లాగే కొక్కెం దొరకలేదు. ఆ నాలిక మీద ఉండే స్థితి మీదే 1966లో బ్రౌన్, మెక్‌నీల్ అనే ఇద్దరు పేరుపొందిన పరిశోధన చేశారు. మాట రాకపోయినా దాని మొదటి అక్షరమో, ఎన్ని అక్షరాలో మనుషులు చాలాసార్లు చెప్పగలరని తేల్చారు.

ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. "మేడమ్, నాక్కూడా యాదికి రాకపోవడమేనేమో. ఎవరూ రెండో పట్టిక పెట్టలేదు కదా" అంది.

తప్పు పట్టినట్టు అనలేదు. కానీ ఆ ప్రోగ్రెస్ కార్డు మీద రాత నాదే. నేను ఆ పిల్ల జ్ఞాపకశక్తిని ఏనాడూ కొలవలేదు. రెండు యూనిట్ టెస్టుల మార్కులు చూసి రాసేశాను. "అది నేను రాసి ఉండాల్సింది కాదు" అని చెప్పాను. టీచరు పిల్లలతో అలా అనొచ్చా అని స్టాఫ్‌రూమ్‌లో చిన్న చర్చ కూడా జరిగింది. అనొచ్చనే నా అభిప్రాయం.

అప్పటినుంచి ఎకనామిక్స్‌ను తను వేరేలా చదువుతోంది. అంతకుముందు పేజీని నాలుగుసార్లు చదివేది, హైలైటర్‌తో పేజీ అంతా పసుపు చేసేది. ఇప్పుడు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాస్తుంది. రాయలేకపోయింది మాత్రమే మళ్ళీ చదువుతుంది. దీని వెనకా ఒక పరిశోధన ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె కాలేజీ విద్యార్థులతో చేశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది: పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్ళకు 56 శాతం, మళ్ళీ చదివినవాళ్ళకు 42 శాతం గుర్తుంది. పరీక్షకు ముందు రాత్రి మీ పిల్లలు "అంతా వచ్చేసింది" అనడం, హాల్లో కూర్చున్నాక రాకపోవడం ఎందుకో ఇందులో కొంత ఉంది. ఇంట్లో చేయించదలిస్తే ఖర్చేం లేదు, ఒక తెల్లకాగితం చాలు. అయితే మొదటి వారం పిల్లలు దిగులు పడతారు, ఎందుకంటే ఏమీ రాలేదని కళ్ళకు కనిపిస్తుంది. ఆ వారం మీరు పక్కన కూర్చుని, "ఇంతేనా?" అనకుండా ఉండాలి. అది కష్టమని నాకు తెలుసు.

అర్ధవార్షిక పరీక్షలో ఆ అమ్మాయికి ఎకనామిక్స్‌లో ఏడు మార్కులు పెరిగాయి. అద్భుతం కాదు. మధ్యలో ట్యూషన్ కూడా మారింది కాబట్టి దేనివల్ల పెరిగాయో చెప్పలేనని తనే నాతో అంది. నేర్పిన పాఠం మనకే తిరిగి వస్తే ఇలాగే ఉంటుంది.

రెండు సంగతులు సూటిగా చెప్పాలి. సైకాలజీ క్లాసు కౌన్సెలింగ్ కాదు. పిల్లవాడు దిగులుగా ఉన్నాడు, ఈ సబ్జెక్టు పెడితే సర్దుకుంటాడు అని కొందరు అడుగుతారు. అలా జరగదు. నిజంగా బాధ ఉంటే స్కూల్ కౌన్సెలర్‌ని కలవండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. రెండోది కెరీర్. సైకియాట్రిస్ట్ కావాలంటే ఎంబీబీఎస్ తర్వాతే, కాబట్టి బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ నమోదు కావాలి. పన్నెండో తరగతి పుస్తకం చదివి తమ్ముడికి ఓసీడీ ఉందని తేల్చే అధికారం మాత్రం ఎవరికీ రాదు. మీ ఇంట్లో అలాంటి డాక్టరు తయారైతే నాకు చెప్పండి, ఒక పీరియడ్ దానికే కేటాయిస్తాను.

పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌కు అమ్మానాన్నలతో పాటు బాపమ్మ కూడా వచ్చింది. వాళ్ళమ్మ కూర్చోగానే అలవాటుగా, "దానికి మెమరీ..." అని, కూతురి వైపు చూసి ఆగింది. బాపమ్మ నా టేబుల్ మీదున్న ఫైలు తిప్పుతూ, "నా పేరేది? 'పార్టిసిపెంట్ ఎ' అని రాసిందంటనా?" అని అడిగింది. పేరు రాయకపోవడం నియమం అని చెప్పాను. ఆవిడకది అంతగా నచ్చినట్టు లేదు.

రెండో ప్రయోగానికి అమ్మాయి నాన్నను అడిగింది. ఒప్పుకోలు కాగితం ఇంట్లో ఫ్రిజ్ మీద ఉందట. సంతకం ఇంకా కాలేదు.