మొవ్వ కింద గూడు

నాది కొబ్బరి దింపు పని. మా ఊరు నగరంలోనూ, పాశర్లపూడి, మామిడికుదురు తోటల్లోనూ నలభై అయిదు రోజులకోసారి కాయ దింపుతాను. కాళ్ళకి బందం వేసుకుని పైకెళ్ళగానే నా కళ్ళు వెతికేది గెలని కాదు, గూటిని.

1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి ఎగదన్ని అంటుకుంది. మార్చి 15 దాకా మండింది. అన్నాళ్ళూ మాకు రాత్రన్నదే లేదు. నడిరేయి కాకులు తెల్లారిందనుకుని అరిచేవి. గరుడ పక్షి గుడ్లు పెట్టేది ఆ చలికాలంలోనే. మనుషుల్ని ఊళ్ళు ఖాళీ చేయించారు. గుడ్లు ఎక్కడికి పోతాయి? మంట ఆరాక చెట్టెక్కిన మా నాన్నకి గూళ్ళు దొరికాయి, చల్లబడిన గుడ్లతో.

2014 జూన్ 27 నా కళ్ళెదుటిది. తెల్లారగట్ల మా ఊళ్ళో గ్యాస్ గొట్టం పగిలి అంటుకుంది. ఇరవై మందికి పైగా పోయారు. ఆ మాట చెప్పకుండా పిట్టల ఊసెత్తడం తప్పు.

తర్వాత కాలిన మట్టలు కొట్టమని పిలిచారు. తొలకరి గిజిగాళ్ళకి పని రోజులు. మగపిట్ట కొబ్బరాకు చీల్చి, పోగులు తీసి, సగం గూడు అల్లి ఆడపిట్టని పిలుస్తుంది. అది లోపలికెళ్ళి చూసి, నచ్చితేనే మిగతా సగం. దూరపు చెట్ల మీద ఆ సగం గూళ్ళే వేలాడుతున్నాయి, పచ్చి పోగులు వేడికి కమిలి బూడిదరంగు తిరిగి. దగ్గర చెట్లకి గూడూ లేదు, మొవ్వా లేదు. కొబ్బరికి ప్రాణం ఆ మొవ్వ ఒక్కటే. అది మాడిందంటే మళ్ళీ ఆకు వెయ్యదు.

నష్టం రాసుకోవడానికొచ్చినవాళ్ళు చెట్లు లెక్కపెట్టారు. "గూళ్ళు కూడా రాయండి బాబూ," అన్నాను. ఆ కాగితంలో వాటికి గడి లేదన్నారు. ఎన్ని గూళ్ళో నాకు తెలుసు, చెట్టుచెట్టూ ఎక్కినవాణ్ణి.

మూడో వానాకాలానికి కాలవగట్టు తాటిచెట్ల మీద గిజిగాళ్ళు కనబడ్డాయి. తోటలోకి రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది.

"ఆ మట్ట కూడా కొట్టెయ్యరా," అని ఆ ఏటి దింపులో రైతుగారు కింద నుంచి కేకేశారు.

"గూట్లో పిల్లలున్నాయండి. వచ్చే దింపుకి కొడతాను."

ఆయన తలెత్తి కాసేపు చూసి, కాయలు ఏరుకోవడానికి వంగారు.